గాలికి అరగంట: డొమినికా కొండల మీది వాన గురించి

అనంతపురంలో నేను చదువుకున్న బడిలో, భూగోళశాస్త్రం పాఠంలో ఒక బొమ్మ ఉండేది. ఎడమ పక్క సముద్రం, నడుమ ఒకే ఒక కొండ, కుడి పక్క ఖాళీ నేల. సముద్రం మీద బయలుదేరిన బాణం గుర్తులు కొండ ఎక్కుతూ వాన గీతలుగా రాలేవి, అవతలి వైపు దిగేటప్పటికి వట్టి బాణాలుగా మిగిలేవి. పర్వతీయ వర్షపాతాన్ని వివరింపుమన్న ప్రశ్నకు ఆ బొమ్మ గీస్తే సగం మార్కులు వచ్చేవి. కుడి పక్క నేల మీద వర్షచ్ఛాయ ప్రాంతమని రాసేవాళ్ళం. ఆ ఖాళీ నేల మనదేనని మా ఉపాధ్యాయుడు చెప్పేవారు. పడమటి కనుమలు నీటినంతా పిండుకుని మనకు పొడి గాలిని పంపిస్తాయన్నది మాకు బడిలో వచ్చిన మొదటి వాతావరణ జ్ఞానం. వానను పదునుల్లో లెక్కపెట్టి బుడ్డలు విత్తిన మా తాతకు మాత్రం ఆ బొమ్మతో తృప్తి కలగలేదు. ఆషాఢమంతా పడమటి గాలి ఒకే తీరున వీస్తుంది, మబ్బులు వరుసగా నెత్తి మీదుగా పోతూనే ఉంటాయి, అయినా ఒకనాడు కురిసి మరునాడు కురవకపోవడమేమిటని ఆయన అడిగేవాడు. కొండ అదే, గాలి అదే, బొమ్మ ప్రకారం వాన కూడా అంతే ఉండాలి కదా.

ఆ ప్రశ్నకు నాకు దొరికినంత జవాబు అనంతపురంలో దొరకలేదు. నేను వాతావరణ శాస్త్రంలో పరిశోధన మొదలుపెట్టాక, డొమినికా అనే చిన్న ద్వీపం మీది కొలతలను చదువుతున్నప్పుడు దొరికింది. పెద్ద పర్వతశ్రేణి గురించి తెలుసుకోవాలంటే ముందు చిన్న కొండల ద్వీపం దగ్గరికి వెళ్ళాలనీ, అక్కడ నేల నుంచి రెండు మూడు కిలోమీటర్ల ఎత్తు వరకు ఉన్న గాలిని చేత్తో తాకినంత దగ్గరగా కొలవాలనీ, ఆ పనిని కంప్యూటర్ మీద నడిచే గణన నమూనాలకు అప్పగించి ఊరుకోవడం పొరపాటనీ నేను ఈ వ్యాసంలో వాదిస్తున్నాను.

డొమినికన్ రిపబ్లిక్‌కూ డొమినికాకూ సంబంధం లేదు. డొమినికా కరీబియన్ సముద్రపు తూర్పు అంచున, గ్వాడలూప్, మార్టినిక్ ద్వీపాల నడుమ, ఇంచుమించు 15 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్న దేశం. విస్తీర్ణం 750 చదరపు కిలోమీటర్లు, జనాభా ఇంచుమించు 70 వేలు. ఉత్తరాన మోర్న్ డయబ్లోటాన్ 1,447 మీటర్ల ఎత్తుంటుంది. దక్షిణాన మోర్న్ త్రువా పితాన్ 1,300 మీటర్లు దాటుతుంది. అక్కడి ఆదివాసులైన కాలినాగోలు తమ ద్వీపాన్ని వైటుకుబులి అంటారు. ఆమె దేహం పొడవైనదని ఆ మాటకు అర్థం. 1493లో కొలంబస్ దానిని చూసింది ఆదివారం కావడంతో ఆ వారం పేరే ద్వీపానికి పెట్టాడు. పాత పేరు ద్వీపపు ఆకారాన్ని చెప్పింది కాబట్టి, వాతావరణం చదివేవాడిగా నాకు అదే నచ్చుతుంది.

ఆ దేహానికి ఎదురుగా తూర్పున ఆఫ్రికా దాకా నీరే. ఏడాదిలో ఎక్కువ రోజులు వ్యాపార పవనాలు తూర్పు నుంచి వీస్తాయి. అడ్డంగా మరో పర్వతం లేదు, పెద్ద పట్టణం లేదు, శీతల వాయుముఖాల రాకపోకలు లేవు. సముద్రపు ఉపరితల ఉష్ణోగ్రత పగటికీ రాత్రికీ పెద్దగా మారదు. అంటే ద్వీపాన్ని తాకే ముందు గాలి ఎలా ఉందో తెలుసుకోవచ్చు, దాటిన తర్వాత ఎలా మారిందో చూడవచ్చు, ఆ రెండింటికీ నడుమ కొండ ఒక్కటే ఉంది. పడమటి కనుమల దగ్గర ఈ సౌకర్యం లేదు. 1,600 కిలోమీటర్ల గోడ, తీరం వెంట ఏర్పడే అల్పపీడన ద్రోణి, బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాలు, పగటి ఎండకు వేడెక్కే పీఠభూమి అన్నీ కలిసి ఒకే వానలో కురుస్తాయి. వాటిలో కొండ వాటా ఎంతో విడదీసి చెప్పడం దుస్సాధ్యం.

అక్కడి గాలి పొరలను కొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే కథ అంతా వాటిలోనే ఉంది. సముద్రం మీద గాలి ఉష్ణోగ్రత 27 డిగ్రీలు, తుషార స్థానం, అంటే గాలిలోని ఆవిరి నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత, 22 డిగ్రీలు అనుకుందాం. పైకి లేచే గాలి మబ్బు కట్టే ఎత్తును అంచనా వేయడానికి ఆ రెండింటి తేడాలో ఒక్కొక్క డిగ్రీకి 125 మీటర్ల చొప్పున లెక్క వేస్తారు. ఐదు డిగ్రీలకు 625 మీటర్లు వస్తుంది. వ్యాపార పవనాల మబ్బుల అడుగు నిజంగానే ఆ ఎత్తుకు అటూ ఇటూగా ఉంటుంది. దాని కింద ఉన్నది బాగా కలిసిపోయిన, దాదాపు ఒకే గుణం గల తేమ గాలి. దాని పైన చిన్న చిన్న దూది మబ్బులు లేచే పొర. సుమారు రెండు కిలోమీటర్ల దగ్గర ఉష్ణోగ్రత తగ్గడం మాని పెరిగే పొర ఒకటి మూతలా కూర్చుంటుంది. దానిని విలోమ పొర అంటారు. దాని పైన గాలి పొడిగా ఉంటుంది. డొమినికా శిఖరాలు ఈ మూతకు కింద, మబ్బుల అడుగుకు పైన, సరిగ్గా మబ్బులు పెరగగలిగిన పొరలోకి తల దూర్చాయి. ద్వీపం నాలుగు వందల మీటర్ల ఎత్తే ఉండి ఉంటే గాలిని ఇంత లేపగలిగేది కాదు. మూడు వేల మీటర్లు ఉండి ఉంటే చాలా గాలి పక్కకు తిరిగి పోయేది. అన్ని ద్వీపాలలో దీనిని ఎంచుకోవడానికి ఈ ఎత్తు ఒక మంచి కారణం.

యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన రోనల్డ్ స్మిత్, ఆయన సహచరులు ద్వీపానికి అడ్డంగా తూర్పు తీరం నుంచి పడమటి తీరం దాకా వర్షమాపకాల వరుస ఒకటి పెట్టారు. గ్వాడలూప్‌లోని ఫ్రెంచి రాడార్ ఐదు నిమిషాలకొకసారి చూసిన చిత్రాలను వాటికి జోడించారు. 2009లో వారు ప్రచురించిన ఫలితాలు చదివిన రోజు నాకు బాగా గుర్తుంది. ఎత్తైన చోట్ల ఏడాదికి 7 మీటర్ల వాన పడుతోంది. మామూలు అనంతపురం ఏడాదికి అది పన్నెండు రెట్లకు పైమాటే. చుట్టుపక్కల సముద్రం మీద పడేదానికంటే కొండల మీద 2 నుంచి 8 రెట్లు ఎక్కువ పడుతోంది. ఇంతవరకు బడి బొమ్మకు తగినట్టే ఉంది. ఆ తర్వాతి వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ద్వీపం మీదుగా పోయే గాలిలో, నేల నుంచి పై దాకా ఉన్న మొత్తం నీటిలో, వానగా రాలిపోయేది నూటికి ఒక పాలు కూడా లేదు.

నమ్మలేక స్వయంగా లెక్క వేశాను. ఏడాదికి 7 మీటర్లంటే రోజుకు సగటున 19 మిల్లీమీటర్లు. పది కిలోమీటర్ల వాలు మీద అంత వాన పడితే, తీరం వెంట ఒక్కొక్క మీటరు వెడల్పుకు సెకనుకు రెండు లీటర్ల పైచిలుకు నీరు దిగుతుంది. ఆ ప్రాంతంలో నేల నుంచి పై దాకా గాలిలో ఉన్న ఆవిరినంతా నీరుగా మారిస్తే ఇంచుమించు 40 మిల్లీమీటర్ల మందాన నిలుస్తుంది. అది సెకనుకు 7 మీటర్ల వేగంతో వస్తోందంటే, అదే ఒక మీటరు వెడల్పు గుండా సెకనుకు 280 లీటర్ల నీరు వచ్చిపడుతోందన్న మాట. 280లో రెండున్నర కూడా రాలలేదు. నేను పరీక్షల్లో గీసిన కొండ గాలిని తడిగుడ్డలా పిండేది. డొమినికా కొండ గాలిని తాకి పంపించింది.

అలాంటప్పుడు పడమటి తీరంలో రాజధాని రోసోకు ఎండ ఎందుకు కాస్తోంది? కొండ దాటిన గాలి వేగంగా కిందికి జారుతుంది, దానితోపాటు పైనున్న మూత కూడా దిగివస్తుంది, దిగే గాలి వేడెక్కి మబ్బు ఆవిరైపోతుంది. నీరు ఎక్కడికీ పోలేదు, మళ్ళీ కంటికి కనపడని ఆవిరిగా మారి ముందుకు సాగిపోయింది. నేల దగ్గరి గాలి మాత్రం తూర్పు తీరం నుంచి కొండ కొమ్ముకు చేరేలోపు సుమారు 17 శాతం పొడిబారుతుందని అదే పరిశోధన చెప్పింది. ఆ తేమను మబ్బులు పైకి మోసుకుపోయి పై పొరలో కలిపేశాయి. డొమినికా అంకెలను తెచ్చి పడమటి కనుమలకు అంటగట్టడం సరికాదు; అవి ఎన్నో రెట్లు పొడవైనవి, అక్కడి ఋతుపవనం ఎన్నో రెట్లు లోతైనది. కానీ "నీటినంతా పిండుకున్న కొండ" అన్న మాటను నేను ఆ రోజు నుంచి ఎవరి ముందూ వాడలేదు. మా ఊరికి తక్కువైంది గాలిలోని నీరా, ఆ నీటిని పైకి లేపే పరిస్థితా అని వేరువేరుగా అడగడం అప్పుడే నేర్చుకున్నాను.

ఇక తాత ప్రశ్న దగ్గరికి వస్తాను. తూర్పు తీరం నుంచి శిఖరం దాకా దూరం పది కిలోమీటర్లనుకుంటే, సెకనుకు 7 మీటర్ల గాలి దానిని 24 నిమిషాలలో ఎక్కేస్తుంది. ఈ మబ్బులలో మంచు ఉండదు. సన్నని నీటి బిందువులు ఒకదానితో ఒకటి ఢీకొని కలిసి చినుకుగా ఎదగాలి, దానికీ ఇంచుమించు అంతే సమయం పడుతుంది. గాలి అంతా ఒకే తీరుగా ఉండి, తీరం తాకిన తర్వాతే మొదటి మబ్బు మొలకెత్తితే, చినుకు తయారయ్యేసరికి కొండ దాటిపోయి ఉంటుంది. అయినా కొండ మీద కుండపోతగా కురుస్తోందంటే, సముద్రం మీది నుంచి వచ్చేటప్పుడే గాలిలో ఎగుడుదిగుడులు ఉన్నాయన్న మాట. నడిసముద్రంలో పుట్టి అణగిపోయిన చిన్న మబ్బులు వదిలిన తేమ ముద్దలు ఆ గాలిలో తేలుతూ వస్తాయి. కొండ గాలి పొర మొత్తాన్ని ఒకేసారి లేపినప్పుడు, తేమ ఎక్కువున్న ముద్ద ముందుగా మబ్బు కడుతుంది, మబ్బు కట్టేటప్పుడు విడుదలైన వేడితో తేలికై తన చుట్టూ ఉన్న గాలి కంటే వేగంగా పైకి దూసుకుపోతుంది. ఈ తేమ హెచ్చుతగ్గులకు ముఖ్య పాత్ర ఉండవచ్చని ఆ బృందం 2009లో రాసింది. వాతావరణ శాస్త్రజ్ఞుడు డేనియల్ కిర్ష్‌బామ్‌తో కలిసి కంప్యూటర్ మీద చేసిన సూక్ష్మ అనుకరణలు ఆ ఊహకు బలమిచ్చాయి. కొండ అదే, గాలి వేగం అదే, కానీ గాలిలో ముందే ఏముందన్నది రోజు రోజుకూ వేరు. మా తాత అడిగింది సరైన ప్రశ్నేనని నాకు అప్పుడు అర్థమైంది. ఆయన అప్పటికి లేడు.

2011 ఏప్రిల్, మే నెలలలో అదే బృందం వ్యోమింగ్ విశ్వవిద్యాలయానికి చెందిన కింగ్ ఎయిర్ పరిశోధక విమానంతో ద్వీపం చుట్టూ ఎగిరింది. ద్వీపానికి ఎదురుగా సముద్రం మీద, తర్వాత కొండల పైన, ఆ తర్వాత గాలి చాటు వైపు, ఇలా వేరువేరు ఎత్తులలో గాలిని, తేమను, మబ్బులోని బిందువులను కొలిచారు. బలమైన గాలి వీచిన రోజులలో పైన చెప్పిన కథే జరిగింది. గాలి మందగించిన రోజులలో పూర్తిగా వేరే వాన కనిపించింది. ఎండకు ద్వీపం వేడెక్కి, రెండు తీరాల నుంచీ సముద్రపు గాలిని లోపలికి లాక్కుని, మధ్యాహ్నానికి నడికొండ మీద పొడవైన మబ్బులను లేపింది. వాటిలోని బిందువులు లెక్కకు ఎక్కువ, పరిమాణంలో చిన్నవి; నేల మీది గాలి నేరుగా పైకి లేవడంతో ద్వీపం మీది సూక్ష్మ కణాలు కూడా మబ్బులోకి చేరి, ఉన్న నీటిని ఎక్కువ మంది పంచుకున్నట్టయింది. చిన్న బిందువులు చినుకుగా ఎదగడం కష్టం. అదే కొండ మీద రెండు వేర్వేరు యంత్రాంగాలు పనిచేశాయి. బలమైన గాలి రోజున కొండ గాలిని తోసి లేపుతుంది, మందగాలి రోజున వేడితో లేపుతుంది. ఈ ఫలితాన్ని నేను ఎన్నిసార్లు చదివినా ఇష్టంగానే చదువుతాను.

ఈ సంగతులు ఉపన్యాసంగా చెప్పిన ప్రతిచోటా నాకు ఒక ఆక్షేపణ ఎదురవుతుంది. ఇప్పుడు ప్రపంచమంతటి వాతావరణాన్ని గంటగంటకూ తిరిగి లెక్కకట్టిన గణాంకాలున్నాయి, ఉపగ్రహాలున్నాయి, ఇంకా బుల్లి ద్వీపంలో డబ్బాలు పాతి వాన కొలవడమెందుకు అని. నేను కూడా మొదట్లో అలాగే అనుకున్నాను. ఈఆర్ఏ5 అనే ప్రసిద్ధ గణాంకాలలోంచి డొమినికా వానను తీసి చూద్దామని కూర్చుని, పటం మీద గీతలు వేసి చూస్తే ద్వీపమే కనపడలేదు. ఆ గణాంకాల గడి ఒక్కొక్కటి 31 కిలోమీటర్లు. ద్వీపం వెడల్పు ఒక గడి కంటే తక్కువ. గాలి ఎదురు వాలు, శిఖరం, గాలి చాటు, మూడూ ఒకే గడిలో కలిసిపోయి, పక్కనున్న సముద్రంతో సగటై, ఒక పొట్టి గుట్టగా మిగిలాయి. ఏడు మీటర్ల వాన ఆ గుట్ట మీద ఎలా పడుతుంది?

ఉపగ్రహాల సంగతి ఇంతకంటే చిక్కైనది. నేల మీది వానను మైక్రోవేవ్ కిరణాలతో అంచనా వేసే పద్ధతులు చాలావరకు మబ్బు పైభాగంలోని మంచు స్ఫటికాలను ఆనవాలుగా పట్టుకుంటాయి. డొమినికా మబ్బులు చాలా రోజులు మంచు కట్టేంత ఎత్తుకే పోవు. పైనుంచి చూస్తే అవి పొట్టిగా, వెచ్చగా, నిరపాయంగా కనిపిస్తాయి. కింద మాత్రం వాగులు పొంగుతుంటాయి. రాడార్ మేలైనదే, కానీ అది పొరుగు ద్వీపంలో ఉంది. వంద కిలోమీటర్ల దూరాన్ని, భూమి వంపును లెక్కలోకి తీసుకుంటే, అర డిగ్రీ కోణంలో బయలుదేరిన కిరణం డొమినికా చేరేసరికి దాదాపు ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. శిఖరం పక్కన ఐదు వందల మీటర్ల ఎత్తులో, మబ్బు అడుగున, ఏం జరుగుతోందో దానికి తెలియదు.

గడిని చిన్నది చేస్తే సరిపోతుంది కదా అంటారు. చేస్తే మంచిదే, చేయాలి కూడా. కాని గడి ఎంత చిన్నదైనా, ఎదురుగా వచ్చే గాలిలో తేమ ముద్దలు ఎలా ఉన్నాయో నమూనాకు ఎవరో చెప్పాలి. ఆ ముద్దలు కొద్ది కిలోమీటర్ల పరిమాణంవి, గంటలలో పుట్టి అణగిపోయేవి. గ్వాడలూప్‌లోని ల రైజే నుంచి ఎగరేసే బెలూన్ ఒక సన్నని నిలువు గీతను మాత్రమే కొలుస్తుంది, అదీ ఇంకో ద్వీపం మీద. నమూనాను నునుపైన గాలితో మొదలుపెడితే అది నా బడి బొమ్మనే, ఎక్కువ విద్యుత్తు ఖర్చుపెట్టి, మళ్ళీ గీస్తుంది.

నేను డొమినికాకు వెళ్ళింది ఒక్కసారే. ఈశాన్య తీరంలోని విమానాశ్రయం నుంచి నడిమి అడవిలోంచి రోసోకు వచ్చే దారిలో పదిసార్లు వాన వచ్చి పదిసార్లు ఆగింది. ప్రతి జల్లూ కొద్ది నిమిషాలే. లోడా గ్రామం పైనున్న ఫ్రెష్‌వాటర్ లేక్ గట్టున నిలబడితే మబ్బు అడుగు ముఖానికి తగిలింది. తుంపరా పొగమంచా చెప్పలేని తడి. అక్కడి నుంచి కారులో అరగంట దిగితే రోసో వీధుల్లో ఎండ. కొండ మీద వర్షమాపకం నడపడం ఎంత కష్టమో కూడా ఆ రోజే చూశాను. గరాటులో ఆకులు పడి మూసుకుపోతాయి, నాచు పడుతుంది, తేమకు బ్యాటరీ తీగలు తుప్పు పడతాయి, బాట జారిపోతుంది. నాతో వచ్చిన స్థానిక యువకుడు గరాటును వేలితో శుభ్రం చేస్తూ, ఏ లోయకు ఏ గాలికి నీరు ముందు వస్తుందో వరుసగా చెప్పుకుపోయాడు. నా రాతపుస్తకంలో ఆ పూట సగం పేజీలు అతని మాటలే.

ఈ కొలతలు అక్కడి మనుషులకు ఏం చేశాయన్న ప్రశ్నను తప్పించుకోకూడదు. 2015 ఆగస్టు 27న ఎరికా అనే ఉష్ణమండల తుపాను, హరికేన్ స్థాయికి కూడా చేరనిది, డొమినికా మీద కొన్ని గంటలలో 300 మిల్లీమీటర్లకు పైగా వాన కురిపించింది. కొండచరియలు విరిగిపడి పెతిత్ సవాన్ గ్రామాన్ని ఖాళీ చేయవలసి వచ్చింది. నష్టం దేశపు వార్షిక ఉత్పత్తిలో 90 శాతమని లెక్కతేలింది. రెండేళ్ళు గడిచాయో లేదో, 2017 సెప్టెంబరు 18న మరియా హరికేన్ ఐదో స్థాయి బలంతో నేరుగా ద్వీపాన్ని తాకింది. ఈసారి నష్టం వార్షిక ఉత్పత్తికి 226 శాతం. మామూలు వ్యాపార పవనాల రోజున నేర్చుకున్న పాఠం తుపాను రోజుకు యథాతథంగా పనికిరాదు. ఆ రోజు మబ్బులు లోతైనవి, మూత ఉండదు, గాలి దిశ గంటగంటకూ మారుతుంది. కానీ ఏ వాలు మీద ఎంత పడిందో చెప్పడానికి కావలసింది అదే వర్షమాపకాల వరుస. పరిశోధన గడువు ముగియగానే వచ్చినవాళ్ళు సామాను సర్దుకుని పోతే, తర్వాతి తుపాను నాటికి కొండ మీద కొలిచేదేమీ ఉండదు, లోతట్టు ఊళ్ళకు హెచ్చరిక ఇచ్చేవాడి ముందు తీరంలోని విమానాశ్రయపు అంకె ఒక్కటే ఉంటుంది. ద్వీపాన్ని ప్రయోగశాల అని పిలిచే మా శాస్త్రజ్ఞులకు ఇక్కడ ఒక బాకీ ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అందుకని నేను అడిగేది పెద్ద పరికరాలను కాదు. ద్వీపానికి అడ్డంగా వర్షమాపకాల వరుస శాశ్వతంగా ఉండాలి, దానిని శుభ్రం చేసి నడిపే ఉద్యోగాలు అక్కడివారికే రావాలి, వాటికి జీతం మూడేళ్ళ పరిశోధన నిధి నుంచి కాకుండా ఏటేటా వచ్చే పద్దు నుంచి రావాలి. తూర్పు తీరంలో, గాలి కొండను తాకే ముందు, మబ్బు అడుగు ఎత్తును పైకి చూసి కొలిచే లేజరు పరికరం ఒకటి, గాలి వేగాన్ని పొరపొరగా చూపే చిన్న రాడార్ ఒకటి ఉండాలి. తిరుపతి దగ్గరి గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల దిగువ వాతావరణపు గాలుల కోసం అలాంటి రాడార్‌నే నడుపుతోంది కాబట్టి, అది ఎంత ఓపికగల పనో మన దగ్గర తెలిసినవాళ్ళున్నారు. పడమటి తీరంలో, ఎండ కాసే రోసో వైపు కూడా, అవే రెండు ఉండాలి. గాలి కొండ ఎక్కడం గురించి పరిశోధన పత్రాలు గుట్టలుగా ఉన్నాయి. దిగిన తర్వాత ఆ మూత ఎంత కిందికి వచ్చింది, మళ్ళీ ఎంత దూరం పోయాక లేచింది అని రోజూ రాసిపెట్టే పుస్తకం ఇంకా మొదలుకావలసి ఉంది. నేను కుడి పక్క ఖాళీ నేల మీద పుట్టినవాణ్ణి, నాకు ఆ పుస్తకం కావాలి.